పల్లెలో పాత డాబా, ప్రభుత్వ వడ్డీ రాయితీ: ముందు చూడవలసింది నేల కాగితం

మీరు రాసిన విషయాన్ని నేను అర్థం చేసుకున్నంతవరకు ముందు చెబుతాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీరు, మీ భర్త గుంటూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇద్దరి ఆదాయం కలిపి ఏడాదికి ఏడున్నర లక్షలు. ఇంతవరకు మీ పేరున గాని, ఆయన పేరున గాని సొంత ఇల్లు లేదు. తెనాలి వైపు ఒక గ్రామంలో ఐదు సెంట్ల స్థలంలో ఉన్న పాత డాబా ఇల్లు 28 లక్షలకు బేరం కుదిరింది. ప్రభుత్వం నుంచి 2 లక్షల 67 వేలు రాయితీ వస్తుందని మధ్యవర్తి చెప్పాడు. ఇంటివారు దసరాలోపు 3 లక్షలు బయానా ఇవ్వమంటున్నారు. రాయితీ వస్తుందా, బ్యాంకు ఎంత ఇస్తుంది, బయానా ఇవ్వవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

గుంటూరు, తెనాలి ప్రాంతాల బ్యాంకు శాఖలలో దాదాపు ఇరవై ఏళ్ళు నేను గృహరుణాల ఫైళ్ళు చూశాను, ఇప్పుడు విజయవాడలో విశ్రాంతిగా ఉన్నాను. జీతం చాలక ఆగిపోయిన పల్లె ఇళ్ళ రుణాలు నాకు తెలిసి చాలా తక్కువ. ఆగిపోయినవాటిలో ఎక్కువ భాగం ఇంటి కింద ఉన్న నేలకు సరైన కాగితం లేక ఆగిపోయినవే. అందుకే మీ మొదటి ప్రశ్నకు త్వరగా జవాబు చెప్పి, మీరు అడగని ఆ విషయం మీద ఎక్కువసేపు నిలుస్తాను.

మధ్యవర్తి చెప్పిన 2 లక్షల 67 వేలు అనే అంకె కల్పన కాదు గాని, దాని కాలం తీరిపోయింది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం మొదటి దశలో తక్కువ ఆదాయ వర్గాలకు 6 లక్షల రుణం వరకు ఆరున్నర శాతం వడ్డీ రాయితీ ఉండేది. దాని గరిష్ఠ మొత్తమే ఆ అంకె. ఆ పథకం 2022 మార్చి 31తో ముగిసింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2024 సెప్టెంబరు 1న మొదలైన రెండవ దశ. అందులోని వడ్డీ రాయితీ విభాగం కింద కుటుంబ వార్షికాదాయం 9 లక్షల వరకు ఉన్నవారు అర్హులు. రుణం 25 లక్షలు, ఇంటి విలువ 35 లక్షలు, కార్పెట్ ఏరియా (గోడల లోపలి నేల) 120 చదరపు మీటర్లు, అంటే సుమారు 1,290 చదరపు అడుగులు మించకూడదు. రుణంలో మొదటి 8 లక్షల మీద, 12 ఏళ్ళ కాలానికి లెక్కగట్టి, 4 శాతం రాయితీ ఇస్తారు. అది ఎంత ఎక్కువైనా 1 లక్షా 80 వేలు దాటదు. కట్టుకునే ఇంటికే కాకుండా, మరొకరి నుంచి కొనే పాత ఇంటికి కూడా ఇది వర్తిస్తుంది. దేశంలో ఎక్కడా కుటుంబంలో ఎవరి పేరునా పక్కా ఇల్లు ఉండకూడదు. ఇల్లు భార్య పేరున గాని, భార్యాభర్తల ఉమ్మడి పేరున గాని ఉండాలి, కాబట్టి దస్తావేజు ఒక్క మీ వారి పేరున రాయించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

ఇది పట్టణ పథకం కదా, పల్లెకు ఎలా వర్తిస్తుందని మీకు సందేహం రావచ్చు. గ్రామీణ విభాగం ఇల్లు లేని నిరుపేదలు కొత్తగా కట్టుకోవడానికి మైదాన ప్రాంతంలో 1 లక్షా 20 వేలు ఇచ్చే పథకం. అమ్మకానికి ఉన్న ఇల్లు కొనుక్కునేవారికి అది పనికిరాదు. అయితే పట్టణ విభాగం మార్గదర్శకాలలో, పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో ప్రణాళికా ప్రాంతంగా ప్రకటించిన గ్రామాలను కూడా చేర్చారు. గుంటూరు, తెనాలి, విజయవాడల చుట్టుపక్కల పల్లెలు చాలావరకు రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ అయిన సీఆర్‌డీఏ పరిధిలో ఉన్నాయి గనుక, మీ గ్రామానికి ఆ వెసులుబాటు దక్కే అవకాశం బాగానే ఉంది. కాని ‘చుట్టుపక్కల అన్నీ ఉన్నాయి, ఇదీ ఉంటుంది’ అన్న మాట మీద ఆధారపడవద్దు. గ్రామం పేరు, సర్వే నంబరు రాసి సీఆర్‌డీఏ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడిగి, ఆ కాగితాన్ని బ్యాంకు దరఖాస్తుకు జతపరచండి. బ్యాంకు అధికారికి ఈ సంగతి తెలియక ‘పల్లెటూరికి రాదండీ’ అని తిప్పిపంపిన సందర్భాలు ఉన్నాయి.

ఈ రాయితీ మీ చేతికి ఒకేసారి రాదు. ఏడాదికొక విడతగా ఐదు విడతలలో రుణ ఖాతాలో జమ అవుతుంది. గరిష్ఠంగా వచ్చినా విడతకు 36 వేలు. ప్రతి విడత జమ అయ్యే నాటికి రుణం సక్రమంగా నడుస్తూ, అసలులో సగానికి పైగా బాకీ మిగిలి ఉండాలి. అంటే పొలం అమ్మిన డబ్బో, చీటీ డబ్బో వచ్చిందని మూడో ఏట రుణంలో అధిక భాగం కట్టేస్తే మిగిలిన విడతలు పోతాయి. మరొక లెక్క కూడా చూడండి. 19 లక్షల రుణం ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ళకు తీసుకుంటే నెలకు దాదాపు 16,500 కిస్తీ పడుతుంది. అదే 15 ఏళ్ళకు పెట్టుకుంటే దాదాపు 18,700. నెలకు 2,200 ఎక్కువ కట్టడం వలన మొత్తం మీద ఆదా అయ్యే వడ్డీ సుమారు 5 లక్షల 90 వేలు, అంటే రాయితీకి మూడు రెట్లకు పైన. 36 వేలంటే రెండు నెలల కిస్తీకి కొంచెం ఎక్కువ. తప్పక తీసుకోండి, అది మీ హక్కు. కాని దానికోసం ఇల్లు ఎంచుకోవద్దు, దానికోసం తొందరపడవద్దు.

ఇక నేల సంగతి. మీరు పంపిన వివరాలలో ‘పంచాయతీ ఇంటి పన్ను రసీదులు 30 ఏళ్ళవి ఉన్నాయి, కరెంటు మీటరు ఉంది’ అని ఉందే తప్ప, సర్వే నంబరు గాని, అమ్మేవారికి ఆ స్థలం ఎలా సంక్రమించిందన్నది గాని లేదు. ఊరి నడిబొడ్డున ఉన్న పాత ఇల్లంటే అది బహుశా గ్రామకంఠంలో ఉంటుంది. గ్రామకంఠం అంటే ఊరివాళ్ళు నివాసం ఉండటానికి పూర్వం సర్వేలో విడిచిపెట్టిన నేల; చాలా గ్రామాలలో ఊరు మొత్తానికి ఒకటో రెండో సర్వే నంబర్లే ఉంటాయి. పొలానికి ఉన్నట్టు దానికి పట్టాదారు పాసుపుస్తకం, 1బీ, అడంగల్ వంటి రెవెన్యూ రికార్డులు ఉండవు. ఎవరి ఇల్లు ఎంతవరకన్నది దస్తావేజులోని చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు), పంచాయతీ రికార్డు, ఇరుగుపొరుగు అంగీకారం, ఈ మూడింటి మీద నిలబడుతుంది. గ్రామకంఠంలో ఇల్లు కొనడం తప్పు కాదు, బ్యాంకులు అప్పు ఇవ్వకా పోవు. కాని ఇంటి పన్ను రసీదు యాజమాన్యానికి రుజువు కాదు. ఆ ఇంట్లో ఉన్నవారి నుంచి పంచాయతీ పన్ను వసూలు చేసిందన్నదానికే అది రుజువు. అద్దెకున్నవారు కట్టిన రసీదులను పట్టుకుని ఇల్లు తమదని వచ్చినవారిని నేను చూశాను.

కాబట్టి రిజిస్టరు అయిన పాత దస్తావేజు ఒకటైనా ఉందా అని అడగండి. ఉంటే దానికి ముందరి లింకు డాక్యుమెంట్లతో సహా, కనీసం 30 ఏళ్ళ వెనక్కి వెళ్ళేలా నకళ్ళు తీసుకోండి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచి మాత్రమే దొరుకుతుంది; అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో పుస్తకాలు తిరగేయించి తీసుకోవాలి. పాత ఇంటి విషయంలో ఆ శ్రమ తప్పదు. ఈసీ చూశాం, శుభ్రంగా ఉంది అనుకుని ఊరుకోకండి. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాట పంపకాలు, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనిపించవు. టైటిల్ డీడ్లు (యాజమాన్యపు దస్తావేజులు) కుదువపెట్టి తీసుకున్న అప్పులు కూడా కొన్ని అందులో రావు. అలాంటి బ్యాంకు అప్పుల కోసం సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ 2011 నుంచి ఉంది. నామమాత్రపు రుసుముతో ఎవరైనా అందులో వెతకవచ్చు. గ్రామ సహకార సంఘంలో బాకీ ఉందేమో విడిగా అడిగి, లేదని రాయించుకోండి.

ఇళ్ళను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇచ్చే స్వామిత్వ పథకం 2020 ఏప్రిల్ 24న మొదలైంది. మీ గ్రామంలో ఆ పని పూర్తయిందో లేదో, ఈ ఇంటికి కార్డు ఎవరి పేరున తయారైందో గ్రామ సచివాలయంలో కనుక్కోండి. అమ్మేవారి పేరున కాకుండా వారి పెదనాన్న పేరునో, అన్నదమ్ముల ఉమ్మడి పేరునో ఉంటే, అది రేపటి తగాదాకు ఇవాళే దొరికిన ఆనవాలు.

నేల గ్రామకంఠం కాకపోతే మరికొన్ని ప్రశ్నలు ఉంటాయి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన ఇంటిపట్టా స్థలమైతే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అమ్మకానికి అడ్డు వస్తుంది. ఇటీవలి సవరణలు కొంత వెసులుబాటు ఇచ్చినా, పట్టా ఎప్పుడు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు అన్నది కాగితంతో తేలాలి. గుడి మాన్యమో, వక్ఫు భూమో అయితే ఆ ఇంటిని మరిచిపోండి. ఇవన్నీ రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితాలో ఉంటాయి. సర్వే నంబరు దొరికిన రోజే ఆ జాబితాలో సరిచూడండి. ఒక్కోసారి గ్రామకంఠం నంబరు మొత్తం పొరపాటున ఆ జాబితాలో చేరి ఉంటుంది. అలా ఉంటే తొలగింపజేసే బాధ్యత అమ్మేవారిదే కావాలి, అది జరిగేదాకా డబ్బు కదలకూడదు.

ఊరి చివర, పొలంలో కట్టిన ఇల్లయితే సాగుభూమి నివాసస్థలంగా మారినట్టు కాగితం ఉండాలి. బ్యాంకు దీన్ని ఎందుకు అంత పట్టుదలగా అడుగుతుందో చాలామందికి తెలియదు. బాకీ పడితే కోర్టుకు వెళ్ళకుండా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది, కాని వ్యవసాయ భూమిని ఆ చట్టం మినహాయించింది. కాగితం మీద పొలంగా ఉన్న చోట ఎంత చక్కటి భవనం ఉన్నా బ్యాంకు దృష్టిలో ఆ హామీ బలహీనమైనదే.

ఇంతకంటే ముఖ్యమైనది, పల్లె ఇళ్ళ వ్యవహారంలో ఎక్కువ కొంపలు ముంచినది, వారసుల సంతకం. అమ్మేవారు ‘మా నాన్నగారి ఇల్లు’ అన్నారని మీరు రాశారు. ఆ నాన్నగారు వీలునామా రాయకుండా పోయి, ఇల్లు ఆయన స్వార్జితమైతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్ళు, బ్రతికి ఉంటే ఆయన తల్లి కూడా సమాన వాటాదారులు. పిత్రార్జితమైతే, మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే అవివాహితలైన కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్ళయిన కూతుళ్ళకూ వచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, సవరణ నాటికి తండ్రి బ్రతికి ఉండాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో స్పష్టం చేసింది. అయినా మన పల్లెల్లో ‘పెళ్ళప్పుడు కట్నం ఇచ్చేశాం, ఆడపడుచులకు ఇంకేం సంబంధం’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాటకు చట్టంలో విలువ లేదు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు తెనాలి ప్రాంతంలోనే ఒక ఇంటికి ముగ్గురు అన్నదమ్ములు సంతకం పెట్టారు. చెల్లెలు కాపురానికి వేరే రాష్ట్రం వెళ్ళింది, రాకపోకలు లేవు, ఆమె పేరు కుటుంబ సభ్యుల పత్రంలోనే రాయించలేదు. కొన్నవారు పై అంతస్తు కూడా వేసుకున్నాక, ఆరేళ్ళకు, ఆమె పిల్లలు వాటా కోసం దావా వేశారు. ఆ ఫైలు చూసినవారిలో నేనూ ఒకణ్ణి. ఆ పత్రాన్ని నమ్మి, ఊళ్ళో ఒక్కరినైనా అడగకపోవడం నా తప్పు. కొన్నవారు కిస్తీలు కడుతూనే లాయరు ఫీజులు కట్టారు, చివరకు రాజీకి మరో పెద్ద మొత్తం ఇచ్చుకున్నారు. అందుకే చెబుతున్నాను: కుటుంబ సభ్యుల పత్రం తీసుకోండి, దానితో తృప్తిపడకుండా ఆ వీధిలోని పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ‘ఆయనకు ఎంతమంది పిల్లలు’ అని అడగండి. ప్రతి వారసుడూ, ప్రతి వారసురాలూ అమ్మకపు దస్తావేజులో సంతకం చేయాలి, లేదా వారి వాటాను వదులుకుంటూ రిజిస్టరు దస్తావేజు ముందే ఉండాలి. తెల్లకాగితం మీద పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న పారీఖత్తు (పంపకాల కాగితం) కుటుంబంలో గౌరవం పొందవచ్చు గాని, బ్యాంకు లాయరు ముందు నిలవదు. వారసులలో మైనరు పిల్లలు ఉంటే కోర్టు అనుమతి అవసరమవుతుంది. అలాంటి ఇల్లయితే ఇంకొకటి వెతుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

రుణం ఎంత వస్తుందన్న మీ రెండవ ప్రశ్నకు రిజర్వు బ్యాంకు నియమం చూస్తే, 30 లక్షల లోపు గృహరుణం ఆస్తి విలువలో 90 శాతం వరకు ఇవ్వవచ్చు. అది పైపరిమితి మాత్రమే. పాత పల్లె ఇంటికి బ్యాంకులు సాధారణంగా అంతవరకు వెళ్ళవు. విలువ అంటే మీరు కుదుర్చుకున్న బేరం కూడా కాదు. బ్యాంకు వాల్యుయర్ కట్టిన విలువ, అమ్మకపు ఒప్పందంలో రాసిన ధర, ఈ రెండింటిలో తక్కువది. వాల్యుయర్ 24 లక్షలు అన్నాడనుకోండి, బ్యాంకు 80 శాతం ఇచ్చిందనుకోండి, మీకు వచ్చేది 19 లక్షల పైచిలుకు. మిగిలిన దాదాపు 9 లక్షలు మీరే తెచ్చుకోవాలి. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం కలిపి ఏడున్నర శాతం, 28 లక్షల మీద 2 లక్షల 10 వేలు అవుతుంది. ఇది రుణంలో కలవదు. లాయరు, వాల్యుయర్, తాకట్టు రిజిస్ట్రేషన్ ఖర్చులు, చిన్న మరమ్మతులు కలుపుకుంటే మీ చేతిలో పన్నెండు లక్షలు లేకుండా ఈ ఇంటికి దిగవద్దు.

ఇక్కడే అమ్మేవారు ఒక మాట తెస్తారు: ‘దస్తావేజు ప్రభుత్వ విలువకు, 14 లక్షలకు రాసుకుందాం, మిగతాది నగదుగా ఇవ్వండి.’ ఒప్పుకుంటే మీ రుణం 14 లక్షల మీద లెక్కకు వచ్చి 11 లక్షల పైచిలుకుకు పడిపోతుంది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించిన మొత్తం నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. ఈ విషయం వారికి మర్యాదగా చెప్పండి. రేపు మీరు ఆ ఇల్లు అమ్మినప్పుడు కొనుగోలు ధర తక్కువగా ఉన్నందుకు పన్ను మీ మీద పడుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. పూర్తి ధరకు దస్తావేజు రాయడానికి వారు ససేమిరా అంటే, ఈ ఇల్లు మీకు రుణంతో కొనదగినది కాదు.

కట్టడం గురించి కొంచెం చెబుతాను. గుంటూరు చుట్టూ నల్లరేగడి నేల ఎక్కువ. వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చే ఆ నేలలో లోతులేని పునాది మీద కట్టిన పాత గోడలు ఐమూలగా చీలుతాయి. కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పోయిన పగుళ్ళకు కొత్తగా సున్నం వేసి ఉంటే అనుమానించండి. స్లాబు కింద ఇనుము తుప్పు పట్టి పెచ్చులు ఊడుతోందేమో, పక్కింటితో ఉమ్మడి గోడ ఉందేమో, వీధిలోకి దారి దస్తావేజులో రాసి ఉందేమో చూడండి. ఇంటి మిగిలిన ఆయుష్షు రుణకాలం కంటే ఎక్కువని వాల్యుయర్ రాయాలి, లేకపోతే 20 ఏళ్ళ రుణం రాదు. కృష్ణ ఒడ్డు గ్రామమైతే 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు నీరు ఎంతవరకు వచ్చిందో పొరుగువారిని అడగండి. వరద ఎక్కడిదాకా వచ్చిందో గోడ మీద మరక చెబుతుంది, సున్నం వేసిన గోడ చెప్పదు.

బ్యాంకు ఎంపిక గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. రిజర్వు బ్యాంకు రెపో రేటుతో ముడిపడి, దానితోపాటు మారే చలన వడ్డీ తీసుకోండి. అలాంటి వ్యక్తిగత గృహరుణాన్ని ముందుగా తీర్చినా జరిమానా ఉండదు. ఖర్చులన్నీ ఒక్కచోట చూపే కీలక వాస్తవాల పత్రం అడిగి తీసుకోండి. రుణంతో పాటు బీమా తప్పనిసరి అని అంటగడితే, అది ఏ నియమంలో ఉందో రాసి ఇవ్వమనండి.

ఇక బయానా. ఇప్పుడు 3 లక్షలు ఇవ్వవద్దు. మొదట దస్తావేజుల నకళ్ళు తీసుకుని మీ సొంత లాయరు చేత చూపించండి. బ్యాంకు లాయరు బ్యాంకు కోసం చూస్తాడు, మీ కోసం కాదు. లాయరు సరే అన్నాక, అమ్మే వారసులందరి సంతకాలతో అమ్మకపు ఒప్పందం రాయించి, 50 వేలు చెక్కు ద్వారా ఇవ్వండి. బ్యాంకు న్యాయ పరిశీలనలో టైటిల్ సరిగా లేదని తేలినా, స్థలం నిషేధిత జాబితాలో ఉందని తేలినా 15 రోజులలో ఆ డబ్బు తిరిగి ఇస్తామన్న షరతు ఒప్పందంలో ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు మూడు నెలల గడువు పెట్టించండి. ‘ఇంకొకరు రేపే డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నారు’ అంటే, వారికే అమ్మమని చెప్పి లేచి రండి. దసరాలోపు మీరు చేయవలసిన పని ఒక్కటే: అమ్మేవారి నుంచి సర్వే నంబరు, పాత దస్తావేజు నంబరు తీసుకుని, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో 1983కు ముందు ఈసీకి దరఖాస్తు పెట్టడం. అది చేతికి వచ్చాక అందులో ఎవరెవరి పేర్లు ఉన్నాయో, వారికి ఇప్పటి అమ్మకందారులకు బంధుత్వం ఏమిటో నాకు రాయండి, మిగిలినది అప్పుడు చూద్దాం.